అమ్మకు వచ్చింది గ్యాస్ నొప్పేనా?

మా పెద్దమ్మ కూతురు, నాకు అక్క. ఊరు తెనాలి. వయసు యాభై ఏడు. కూతురూ అల్లుడూ ఇద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు కావడంతో మనవణ్ని చూసుకోవడానికి కొండాపూర్ వచ్చి మూడేళ్లుగా అక్కడే ఉంటోంది. బావగారు ఊళ్లో ఇల్లూ పొలమూ చూసుకుంటూ పండక్కీ పబ్బానికీ వచ్చి వెళుతుంటారు. మాదాపూర్, గచ్చిబౌలి, కొండాపూర్... ఎక్కడైనా సాయంత్రం పూట అపార్ట్‌మెంట్ల కింద ఉండే పార్కులో చూడండి. బెంచీల మీద ఇలాంటి అక్కలే కనిపిస్తారు. గుంటూరు నుంచి, ఖమ్మం నుంచి, కరీంనగర్ నుంచి వచ్చిన అమ్మమ్మలూ నాయనమ్మలూ! వాళ్లు పొద్దున్నే లేచి క్యారేజీలు కట్టకపోతే ఈ ఐటీ కారిడార్‌లో సగం ఇళ్లు కదలవు.

పోయిన ఏడాది ఒక మంగళవారం పొద్దున ఆరింటికి అక్క దోసెలు వేస్తోంది. ఉన్నట్టుండి ఒళ్లంతా చెమట పట్టింది. దవడ లాగినట్టు, వీపు పైభాగంలో ఎవరో పిండుతున్నట్టు నొప్పి. కడుపులో తిప్పింది. ‘రాత్రి తిన్న గారెలు పడలేదేమో’ అనుకుంది. జీలకర్ర నీళ్లు తాగింది. పిల్లాడికి స్నానం చేయించింది, తల దువ్వింది, బ్యాగు భుజాన వేసుకుని కిందకు దిగి స్కూలు బస్సెక్కించింది. అప్పుడుగానీ అక్కడే లిఫ్టు పక్కన కూలబడిపోలేదు. రెండు గంటలు ఆ నొప్పితోనే పని చేసింది! పక్క ఫ్లాటులో పనిచేసే అమ్మాయి చూసి ఫోన్ చేస్తే కూతురు రాయదుర్గం ఆఫీసు నుంచి పరుగెత్తుకొచ్చింది. అల్లుడు కూడా వచ్చాడు.

దగ్గర్లోని ఆస్పత్రికి తీసుకెళ్లారు. అక్కడి డ్యూటీ డాక్టరు అక్కను రెండు మాటలు అడిగి, మిగతాదంతా అల్లుణ్ని అడిగాడు. “ఇంట్లో ఏమైనా టెన్షన్లున్నాయా? నిద్ర సరిగ్గా పోతారా?” అని. గ్యాస్‌కు ఇంజెక్షన్, ఆందోళన తగ్గడానికి ఒక మాత్ర ఇచ్చారు. ఇంటికి వచ్చేశారు. సాయంత్రానికి ఊపిరి అందకపోతే మరో ఆస్పత్రికి వెళ్లారు. అక్కడ ఈసీజీ తీశారు, రక్తపరీక్ష చేశారు. గుండెపోటు! పొద్దున్నే వచ్చిందన్నారు. స్టెంట్ వేశారు. ప్రాణం దక్కింది. కానీ గుండె కండరం కొంత దెబ్బతింది. ఇప్పుడు అక్క ఒక అంతస్తు మెట్లెక్కితే ఆగి ఊపిరి తీసుకోవాలి.

ఇందులో ఇంకో ముచ్చట ఉంది. అంతకు నాలుగేళ్ల ముందు తెనాలిలో బావగారికి ఛాతీలో మంట వచ్చింది. అరుగు మీద కూర్చుని గుండె మీద చెయ్యి వేసుకున్నారు, అంతే! వీధి వీధంతా కదిలింది. పావుగంటలో ఆస్పత్రిలో ఉన్నారు. వెళ్లగానే ఈసీజీ తీశారు. తీరా చూస్తే ఏమీ లేదు. అది నిజంగానే గ్యాస్! గ్యాస్ వచ్చిన మగమనిషికి ఈసీజీ తీశారు. గుండెపోటు వచ్చిన ఆడమనిషికి గ్యాస్ ఇంజెక్షన్ ఇచ్చారు. అక్క ఇప్పుడు ఈ మాట నవ్వుతూ చెబుతుంది. వినే నాకు మాత్రం నవ్వు రాదు.

అల్లుడు మంచివాడే. డాక్టరు కూడా చెడ్డవాడేమీ కాదు. మరి ఎక్కడ జరిగింది పొరపాటు?

మగవేషం వేస్తేనే వైద్యమా?

1991లో అమెరికాలో బెర్నడిన్ హీలీ అనే గుండె వైద్యురాలు ఒక ప్రసిద్ధ వైద్య పత్రికలో సంపాదకీయం రాశారు. ఆ దేశపు జాతీయ ఆరోగ్య పరిశోధన సంస్థకు అధిపతి అయిన మొదటి మహిళ ఆమె. గుండెజబ్బుతో వచ్చిన ఆడవాళ్లకు మగవాళ్లతో సమానంగా పరీక్షలూ చికిత్సలూ అందడం లేదని అప్పటి అధ్యయనాలు చూపించాయి. తన జబ్బు కూడా మగవాడి జబ్బు లాంటిదేనని నిరూపించుకున్నాకే స్త్రీకి సరైన వైద్యం దొరుకుతోందని హీలీ అన్నారు. ఈ అవస్థకు ‘యెంటిల్ సిండ్రోమ్’ అని పేరు పెట్టారు. యెంటిల్ అంటే ఒక యూదు కథలో చదువు కోసం మగవేషం వేసుకున్న అమ్మాయి.

ఇదెందుకొచ్చిందో తెలుసుకోవాలంటే పరిశోధనల సంగతి చూడాలి. గుండెపోటు రాకుండా ఆస్పిరిన్ పనికొస్తుందని 1989లో తేల్చిన పెద్ద అమెరికన్ పరిశోధనలో 22,071 మంది పాల్గొన్నారు. అందరూ డాక్టర్లే, అందరూ మగవాళ్లే! ఒక్క స్త్రీ కూడా లేదు. ఆ తర్వాత 39,876 మంది మహిళల మీద విడిగా పరిశోధన చేసి 2005లో ఫలితాలు ప్రకటించారు. మొత్తంమీద చూస్తే ఆస్పిరిన్ ఆ స్త్రీలలో పక్షవాతాన్ని కొంత తగ్గించింది కానీ మొదటి గుండెపోటును తగ్గించలేదు. అంటే మగవాళ్లలో వచ్చిన ఫలితం ఆడవాళ్లలో రాలేదన్నమాట. విడిగా చూడకపోతే ఈ సంగతి ఎప్పటికీ తెలిసేది కాదు కదా!

మందుల విషయమూ అంతే. గర్భంలో బిడ్డకు హాని జరుగుతుందన్న భయంతో, పిల్లలు పుట్టే వయసులో ఉన్న స్త్రీలను కొత్త మందుల తొలిదశ పరీక్షల నుంచి దూరంగా ఉంచాలని 1977లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ చెప్పింది. 1993లో ఆ నియమాన్ని మార్చుకుంది. భయంలో న్యాయం లేకపోలేదు. కానీ పరీక్షలో లేని స్త్రీ మందుల షాపులో ఉంటుంది కదా! జోల్పిడెమ్ అనే నిద్రమాత్ర చాలా ఏళ్లు ఆడా మగా అందరికీ 10 మిల్లీగ్రాములే సిఫారసు చేశారు. ఆ మందు ఆడవాళ్ల ఒంట్లోంచి నెమ్మదిగా పోతుందని, మర్నాడు పొద్దున కూడా మత్తు ఉండిపోతుందని, కారు నడిపితే ప్రమాదమని చెప్పి 2013లో ఆడవాళ్ల మోతాదును సగానికి, అంటే 5 మిల్లీగ్రాములకు తగ్గించమన్నారు. నైట్ షిఫ్టులు చేసి నిద్రపట్టక మాత్రల కోసం చూసే మన అమ్మాయిలకు ఇది దూరదేశపు కబురేమీ కాదు.

రక్తపరీక్షకూ ఇదే గతి. గుండె కండరం దెబ్బతింటే రక్తంలోకి ట్రోపోనిన్ అనే పదార్థం వస్తుంది. అది ఒక గీత దాటితే గుండెపోటు అంటారు. స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరో వైద్యులు ఆ పరీక్షలో ఆడవాళ్లకు 16, మగవాళ్లకు 34 అని రెండు వేరువేరు గీతలు పెట్టి చూశారు. గుండెపోటు అనుమానంతో వచ్చిన ఆడవాళ్లలో అది ఉందని తేలినవాళ్లు 11 శాతం నుంచి 22 శాతానికి పెరిగారు. 2015లో వెలువడిన ఫలితమిది. మగవాళ్ల కడియం కొలత తీసుకుని మన చేతికి గాజులు కొన్నట్టుంది కదూ! ఆడవాళ్లకూ మగవాళ్లకూ వేరువేరు కొలతలు వాడాలని 2018 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. మనవాళ్లకు పరీక్ష చేయించినప్పుడు, “రిపోర్టులో ఉన్న గీత ఆడవాళ్లదేనా?” అని అడగడంలో తప్పేమీ లేదు.

అలాగని స్త్రీల గుండెపోటు పూర్తిగా వేరే జబ్బు అనుకోకండి. ఛాతీలో నొప్పి, బరువు, బిగుతు ఆడవాళ్లలోనూ అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే లక్షణమే. అయితే దాంతోపాటు దవడ, మెడ, వీపు నొప్పి, ఆయాసం, వాంతి వచ్చేట్టు ఉండటం, చెమటలు, చెప్పలేనంత నీరసం ఆడవాళ్లలో ఎక్కువగా కనిపిస్తాయి. ఒక్కోసారి ఛాతీనొప్పి ఉండకపోవచ్చు కూడా. నెలసరి ఆగిపోయాక ముప్పు పెరుగుతుంది. షుగరు ఉంటే మరీనూ. గర్భంతో ఉన్నప్పుడు బీపీ, షుగరు వచ్చినవాళ్లకు తర్వాతి రోజుల్లో గుండెజబ్బు వచ్చే అవకాశం ఎక్కువ. పాతికేళ్ల కిందటి కాన్పు సంగతి ఎమర్జెన్సీ డాక్టరు అడగకపోవచ్చు. మనమే చెప్పాలి.

ఆడవాళ్ల ఆపద అంటే కాన్పేనా?

మన గడ్డ మీద అత్యవసర వైద్యానికి మంచి చరిత్రే ఉంది. 108 అంబులెన్సు 2005 ఆగస్టు 15న మన హైదరాబాద్‌లోనే మొదలై తర్వాత ఎన్నో రాష్ట్రాలకు పాకింది. పురిటి నొప్పులతో ఉన్న ఎంతమంది తల్లులను ఆ బండి సమయానికి ఆస్పత్రికి చేర్చిందో, ఎంతమంది పిల్లలు ఆ బండిలోనే పుట్టారో! దానికి చేతులెత్తి మొక్కాలి.

కానీ ఒక్కసారి ఆలోచించండి. ఆడమనిషికి ఆపద అంటే అందరికీ ముందు గుర్తొచ్చేది కాన్పే. నిండు గర్భిణి అయితే ఇల్లంతా కదులుతుంది, ఊరంతా కదులుతుంది. అదే మనిషికి యాభై దాటి, పిల్లలు పెద్దవాళ్లయ్యాక చెమటలు పడితే “కాస్త పడుకో, తగ్గిపోతుంది” అంటాం. అందరికంటే ముందు ఆ మాట అనేది ఆమే! ఆడవాళ్ల ఆరోగ్యమంటే గర్భసంచి, రొమ్ములు తప్ప మరేమీ లేనట్టు వైద్యం చాలాకాలం నడిచింది. ఇళ్లలో మనమూ అలాగే నడిచాం.

ఢిల్లీలోని ఎయిమ్స్‌లో 2016లో ఓపీకి వచ్చినవాళ్ల లెక్కలను పరిశోధకులు పరిశీలించారు. ఢిల్లీ, హర్యానా, ఉత్తరప్రదేశ్, బీహార్... ఈ నాలుగు చోట్ల నుంచి ఆ ఒక్క ఏడాదిలో రావలసిన ఆడవాళ్ల కన్నా నాలుగు లక్షలకు పైగా తక్కువ సందర్శనలు ఉన్నాయని 2019లో ప్రకటించారు. ఊరు దూరమయ్యే కొద్దీ ఆడవాళ్లు మరింత తగ్గిపోయారు. ఆస్పత్రికి వచ్చిన ఆడవాళ్ల మాట నమ్మకపోవడం ఒక సమస్య అయితే, అసలు ఆస్పత్రి దాకా రాకపోవడం అంతకు ముందు సమస్య. మాదాపూర్‌లో పది ఆస్పత్రులున్నా అక్కకు మాత్రం ఆ రోజు స్కూలు బస్సు తర్వాతే ఏదైనా!

మరి పరిశోధనల్లో మన ఆడవాళ్లకు చోటు ఎప్పుడు దొరికింది? ఆ కథ ఇంకా బాధ కలిగిస్తుంది. 2011లో గుంటూరు జిల్లా పిడుగురాళ్ల నుంచి పేద మహిళలను డబ్బు ఆశ చూపి మియాపూర్‌లోని ఒక సంస్థకు తీసుకొచ్చి, రొమ్ము క్యాన్సర్ మందును వాళ్ల మీద పరీక్షించారన్న ఆరోపణలు కలకలం రేపాయి. ఆ పరీక్ష దేనికో తమకు తెలియదని ఆ మహిళలు చెప్పారు. ఔషధ నియంత్రణ అధికారులు ఆ సంస్థ అనుమతిని నిలిపివేశారు. మియాపూర్ అంటే హైటెక్ సిటీకి ఎంత దూరం? మేలు కోసం చేసే పరిశోధనలో ఆడవాళ్లు కనపడలేదు. పేదరికాన్ని వాడుకోవలసి వచ్చినప్పుడు మాత్రం కనపడ్డారు. మనం అడగాల్సింది ఈ రెండూ కాని మూడోదారి. తెలిసి, ఒప్పుకుని, గౌరవంగా పాల్గొనే దారి.

చెయ్యి వేయడానికి భయమా?

2023 ఫిబ్రవరిలో ఆరాంఘర్ చౌరస్తాలో ఒకాయన కుప్పకూలిపోతే, డ్యూటీలో ఉన్న ట్రాఫిక్ కానిస్టేబుల్ పరుగెత్తుకొచ్చి ఛాతీ మీద నొక్కి సీపీఆర్ చేసి బతికించారు. ఆ వీడియో రాష్ట్రమంతా చూసింది. ఆ తర్వాత సీపీఆర్ నేర్పించే కార్యక్రమాలు జోరుగా మొదలయ్యాయి. సంతోషం. ఆ వీడియో చూసినప్పుడు నాకొచ్చిన సందేహం మాత్రం మీతో చెప్పాలి. అక్కడ పడిపోయింది ఆడమనిషి అయి ఉంటే? చుట్టూ ఉన్నవాళ్లలో ఎంతమంది ఆమె గుండె మీద చెయ్యి వేయడానికి ముందుకొచ్చేవాళ్లు?

ఈ సందేహం ఊరికే వచ్చింది కాదు. అమెరికాలో జనం మధ్య గుండె ఆగి పడిపోయినవాళ్ల లెక్కలు తీస్తే, చుట్టుపక్కలవాళ్ల చేత సీపీఆర్ అందుకున్నది మగవాళ్లలో 45 శాతం, ఆడవాళ్లలో 39 శాతం. 2018లో వచ్చిన అధ్యయనమిది. ఎందుకు వెనకాడతారని అడిగితే, తప్పుగా తాకామంటారేమోనని భయం, ఆడవాళ్లకు దెబ్బ తగులుతుందేమోనని అనుమానం... ఇలాంటి కారణాలే బయటపడ్డాయి. అక్కడే అలా ఉంటే పమిట, చున్నీ, మర్యాద అంటూ పెరిగిన మన సంగతి చెప్పాలా? పైగా నేర్పించేటప్పుడు వాడే బొమ్మలు చూశారా? దాదాపు అన్నీ చదునైన మగ ఛాతీ బొమ్మలే! చేతికి అలవాటు లేని పని ఆపదలో ఎలా వస్తుంది?

అందుకే ఐటీ కంపెనీల్లో పనిచేసే అమ్మాయిలకు ఒక మాట. మీ ఆఫీసులో సీపీఆర్ శిక్షణ పెడితే ఆడ బొమ్మ కూడా తెప్పించమని అడగండి. మీరు నేర్చుకోండి, మగ సహోద్యోగులను కూడా పిలవండి. మనిషి పలకకుండా, మామూలుగా ఊపిరి తీసుకోకుండా పడి ఉంటే 108కి ఫోన్ చేయించి, రెండు చేతులూ ఛాతీ మధ్య ఎముక మీద పెట్టి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ఐదు సెంటీమీటర్ల లోతు దిగేలా నొక్కాలి. ఆడవాళ్లకైనా, మగవాళ్లకైనా ఇదే పద్ధతి. కరెంటు షాక్ ఇచ్చే పెట్టె దొరికితే ప్యాడ్లు నేరుగా చర్మానికి అంటుకోవాలి, బట్టలు తొలగించడానికి సందేహించకూడదు. నలుగురు ఆడవాళ్లు చుట్టూ చున్నీలు అడ్డుపెట్టి నిలబడితే చాలు. మానమూ దక్కుతుంది, ప్రాణమూ దక్కుతుంది.

సంతకం ఎవరు పెట్టాలి?

హాస్టళ్లలో ఉండే పిల్లలు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. “రాత్రి పూట ఏదైనా అయితే అమ్మానాన్నలు ఊళ్లో ఉంటారు. సంతకం కోసం ఆపేస్తే?” అని. తెలుసుకోండి. ప్రాణాపాయంలో ఉన్న మనిషికి వెంటనే వైద్యం చేయడం డాక్టర్ల బాధ్యత అని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. స్పృహలో ఉన్న మేజరు స్త్రీ వైద్యానికి ఆమె అనుమతే కావాలి. తల్లి సంతకం కూడా దానికి బదులు కాదని సమీరా కోహ్లీ కేసులో 2008లో తీర్పు వచ్చింది. మరి భర్త సంతకం, అన్న సంతకం ఎందుకు? మన ఒంటి మీద నిర్ణయం మనది. రోడ్డు ప్రమాదంలో పడ్డవాళ్లను ఆస్పత్రికి చేర్చినవాళ్లను వేధించకూడదని కూడా 2016 నుంచి సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఉన్నాయి. కాబట్టి సాయం చేయడానికి జంకొద్దు.

ఇంతకీ మనం ఏం చేయాలి? ఛాతీనొప్పి, ఆయాసం, దవడ నొప్పి, కారణం లేని చెమటలు అంటూ ఎవరొచ్చినా పది నిమిషాల్లో ఈసీజీ తీయాలన్నది వైద్యులు ఒప్పుకున్న నియమమే. ఆడవాళ్లకూ మగవాళ్లకూ అది ఎన్ని నిమిషాల్లో తీశారో ప్రతి పెద్ద ఆస్పత్రీ విడివిడిగా లెక్క రాసుకోవాలి. 108 దగ్గర ఇరవై ఏళ్లుగా పోగైన రికార్డులున్నాయి. గుండెనొప్పితో ఎంతమంది ఆడవాళ్లు ఫోన్ చేశారు, ఎంత ఆలస్యంగా చేశారు, వాళ్లలో ఎంతమంది బతికారు అన్న లెక్కలు తీసి ప్రజల ముందు పెట్టమని ప్రభుత్వాలను అడగాలి. ప్రపంచానికి సాఫ్ట్‌వేర్ రాసిచ్చే ఊరికి ఆ లెక్క తీయడం పెద్ద పనా?

ఇక ఇంట్లో చేయాల్సినవి. అమ్మమ్మలకు ఫ్లాటు నంబరు, టవరు పేరు, గేటు గుర్తు కంఠతా రావాలి. ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించండి, కింద 108 అని పెద్దక్షరాలతో రాయండి. వాళ్లు వాడే మందులు, షుగరు, బీపీ సంగతి అదే కాగితం వెనక రాయండి. ఇన్సూరెన్సు కార్డు అల్లుడి ఫోన్లోనే కాదు, ఆమె పర్సులో కూడా ఉండాలి. మన ఇంట్లో పనిచేసే అమ్మాయికి ఆరోగ్యశ్రీ ఉందో లేదో ఈరోజే అడగండి. ఆమెకు నొప్పొస్తే ఒక రోజు జీతం పోతుందన్న భయంతో దాచుకోనివ్వకండి.

ఆస్పత్రికి వెళితే మాత్రం “కడుపులో ఏదోలా ఉంది” అని ఊరుకోవద్దు. “ఇది గుండెపోటు కావచ్చేమోనని భయంగా ఉంది, ఈసీజీ తీయండి” అని సూటిగా అనండి. అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడకండి. ఈసీజీ కాగితం తేటగా వచ్చినంత మాత్రాన గుండెపోటు లేదని తేలిపోదు, డాక్టరు కాదని తేల్చాకే ఇంటికి రండి. మొదటి ఈసీజీ బాగున్నా నొప్పి తగ్గకపోతే మళ్లీ తీయమనండి, రక్తపరీక్ష చేయమనండి.

మొన్న అక్కతో ఫోన్లో మాట్లాడాను. ఇంకా కొండాపూర్‌లోనే ఉంది. మనవణ్ని ఇప్పుడు బస్సెక్కించేది అల్లుడు. “ఆ రోజు నొప్పొచ్చినప్పుడు ఎందుకు చెప్పలేదక్కా?” అని అడిగాను. “పొద్దున్నే వాళ్లను హడావుడి పెట్టడం ఎందుకులే అనుకున్నానే” అంది.

ఆ ‘ఎందుకులే’ అన్న మాటే మన ప్రాణాల మీదకు తెస్తోంది. రేపు పొద్దున మీ అమ్మ గానీ, అత్తగారు గానీ వంటింట్లో గోడకు ఆనుకుని నిలబడితే, “ఏమైంది?” అని అడిగి ఊరుకోకండి. గ్యాసేలే అని ఆమె అన్నా సరే, స్టవ్వు కట్టేయండి. క్యారేజీ సంగతి తర్వాత. ముందు ఈసీజీ!